తెరమీది తెలుగు
(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున చేయబడిన ప్రసంగపాఠము)



ఒక గ్రామ గ్రంథాలయము ఇరువదియైదేండ్లు నిలిచి రజతోత్సవము జరుపుకొనుట సామాన్య విషయము కాదు. పుస్తకములు కొనుటకు ధనము కావలెను. వానిని కాపాడుటకు ఓపిక కావలెను. చదువరులను రప్పించుటకు ఆదరము కావలెను. ఈ మూడును ఇబ్రహీంపట్నమున లోపింపలేదనుటకు ఈ ఉత్సవమే తార్కాణము.

ఈ ఇరువదియైదేండ్లలోనే ప్రజలకు మరియొక పఠనస్థలము అలవాటైనది. అది అరచేతిలోని ఫోను తెర. పొలము వివరములు, బ్యాంకు నిల్వ, ఆసుపత్రి చీటి, బస్సు టిక్కెట్టు, పిల్లల పరీక్షా ఫలితములు ఇవన్నియు నేడు తెరమీదనే చదువవలసి వచ్చుచున్నది. ఒక పుస్తకము రుచింపనిచో చదువరి దానిని అలమారలో పెట్టి మరియొకటి తీసికొనును. తెరమీది మాట బోధపడనిచో అట్టి వెసులుబాటు లేదు. తప్పు మీట నొక్కిన చేతికే నష్టము కలుగును. కావున తెరమీదికి తెలుగు ఎట్లు వచ్చుచున్నది, దానిని యంత్రములు ఎట్లు వ్రాయుచున్నవి, అందలి తప్పొప్పులు చూడవలసినవారెవరు అను విషయము గ్రంథాలయ సభలో విచారింపదగినదే.

వ్యవహారము ఒక భాషలోను, ప్రజల వాడుక మరియొక భాషలోను ఉండుట ఈ ప్రాంతమునకు క్రొత్త కాదు. నిజాము రాజ్యమున కచ్చేరి భాష వేరు, పొలముగట్టు మీది భాష వేరు. ఆ కాలముననే హైదరాబాదులో 1901వ సంవత్సరమున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మొదలగు పెద్దలు విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పి శాస్త్రవిషయములను తెలుగున అందింప బూనుకొనిరి. 1917లో అనువాదమునకై దారుల్ తర్జుమా అను సంస్థ హైదరాబాదుననే ఏర్పడెను. మరుసటి యేట ఉస్మానియా విశ్వవిద్యాలయము స్థాపింపబడెను. అందు శాస్త్రములను ఉర్దూలో బోధింపవలసియుండెను. అందుకు గ్రంథములు లేవు; గ్రంథములకు మాటలు లేవు. శాస్త్రము తెలిసినవారిని, భాష తెలిసినవారిని ఒకచోట కూర్చుండబెట్టి ఒక్కొక్క మాటకు సరియైన పదమును నిర్ణయించిరి. ఈ పద్ధతి మెచ్చదగినది. కాని ఆ శ్రమయంతయు ఉర్దూకే చెందెను. ఇంట తెలుగు మాటలాడు బాలునకు ఆ పుస్తకములును పరభాషా గ్రంథములే యయ్యెను. 1968లో తెలుగు అకాడమి ఏర్పడిన పిమ్మట కళాశాలలకు తెలుగు పాఠ్యగ్రంథములును, పారిభాషిక పదకోశములును లభించినవి. ఈ చరిత్రవలన రెండు సంగతులు తెలియుచున్నవి. అనువాదమున మొదటి కష్టము మాటను నిర్ణయించుట. రెండవది, ఆ మాట ఎవరికొరకో మరువకుండుట. కంప్యూటరు యుగమున సైతము ఈ రెండు కష్టములే ఉన్నవి.

కంప్యూటరు తెరమీదికి మాటలకంటె ముందు అక్షరములు రావలెను. తొలిరోజులలో ఒక్కొక్క ముద్రణాలయము, ఒక్కొక్క పత్రిక తమతమ అక్షరరూపములను తమకు తోచిన సంకేతములతో వాడుకొనుచుండెను. ఒకచోట టైపు చేసిన తెలుగు మరియొకచోట తెరచినచో అర్థములేని గీతల గుంపుగా కనబడెడిది. 1991లో వెలువడిన యూనికోడ్ విధానము ప్రపంచభాషల యక్షరములకు ఒక్కొక్కదానికి ఒక స్థిరమైన సంఖ్య నేర్పరచెను. తెలుగునకు 128 స్థానములు కేటాయింపబడినవి. ఈ విధానము క్రమముగా వ్యాపించిన పిదప, హైదరాబాదున వ్రాసిన తెలుగు అమెరికాలోని తెరమీద కూడ తెలుగుగానే కనబడసాగెను. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా ఆరంభమయ్యెను. ఆంగ్లాక్షరముల మీటలతోనే తెలుగు వ్రాయుటకు లేఖిని వంటి సాధనములు వచ్చినవి.

అక్షరముల సంగతి అంతటితో ముగిసినదని తలచుటకు వీలులేదు. 2018 ఫిబ్రవరిలో జరిగిన ఒక వింతను ఇక్కడ చెప్పవలెను. జ్ఞకారమునకు దీర్ఘము చేరిన రూపము, నడుమ కంటికి కానరాని యొక సంకేతముతో కూడి వచ్చినచో, ఆపిల్ సంస్థ వారి ఐఫోనులు దానిని తెరమీద చూపలేక, ఆ సందేశము వచ్చిన కార్యక్రమము కుప్పకూలుచుండెను. తెలుగు రానివారి ఫోనులును ఆ యొక్క యక్షరముచే నిలిచిపోయెను. ఆ నెలలోనే ఆ సంస్థ సవరణను విడుదల చేసెను. జ్ఞానమునకు మొదటి యక్షరము ప్రపంచమందలి ఫోనులను ఆపినదని పలువురు నవ్వుకొనిరి. నవ్వులోని నీతి యేమనగా, ఒక భాషను తెరమీద బాగుగా పరీక్షింపనిచో ఆ లోపము ఆ భాషవారికే గాక అందరికిని తగులును.

ఇక మాటల సంగతి. ఫోనులోగాని, కంప్యూటరులోగాని పనిచేయు కార్యక్రమమును ఒక భాషవారికి, ఒక ప్రాంతమువారికి తగినట్లు మార్చుటను స్థానికీకరణ మందురు. ఇది ఎట్లు జరుగునో తెలిసికొనుటకు గ్రంథాలయమునే ఉదాహరణముగా గ్రహింపవచ్చును. పుస్తకములు ఎరువిచ్చు లెక్కలు చూచుటకు ఒక కార్యక్రమము ఆంగ్లమున ఉన్నదనుకొనుడు. అందు తెరమీద కనబడు మాటలు ఏ మూడువందలో ఉండును. ప్రోగ్రాము వ్రాయు నేర్పరి ఈ మాటలను తన గణనసూత్రములలో కలిపివేయక, వేరొక పట్టికలో వ్రాసి పెట్టవలెను. పట్టికలో ఒక వరుసయందు ఆంగ్లము, దాని ప్రక్క వరుసయందు తెలుగు. కార్యక్రమము నడుచునపుడు, వాడుకరి యెన్నుకొన్న భాషనుబట్టి ఆ వరుసనుండి మాట తీసికొని చూపును. గ్నూ సంస్థవారి గెట్‌టెక్స్ట్ అను సాధనము ఈ పద్ధతిని 1990 తరువాతి దశాబ్దమున బహుళముగా ప్రచారమునకు తెచ్చెను. నేటికిని ఎన్నియో కార్యక్రమములు ఇట్టి పట్టికలమీదనే ఆధారపడియున్నవి.

మూడువందల మాటలు తెనిగించుట ఎంత పని యని అనిపించును. కాని ఆ పట్టికలో 'ఇష్యూ' అను మాట కలదు. గ్రంథాలయమున పుస్తకము ఇచ్చుటను ఇష్యూ అందురు. పత్రిక విషయమున అదే మాటకు సంచిక యని యర్థము. ప్రోగ్రాములో లోపము తెలుపుచోట అదే మాటకు సమస్య యని యర్థము. 'వాల్యూమ్' అనగా పుస్తకముల యలమారవద్ద సంపుటము, రేడియోవద్ద ధ్వని. 'రిటర్న్' అనగా పుస్తకము తిరిగి యిచ్చుట కావచ్చును, ముందటి తెరకు మరలుట కావచ్చును. పట్టికలో మాట ఒంటరిగా నుండును; అది ఏ తెరమీద, ఏ మీటమీద, ఏ సందర్భమున వచ్చునో పట్టిక చెప్పదు. అనువాదకుడు మనుష్యుడైనచో అడిగి తెలిసికొనును. యంత్రము అడుగక ఒకదానిని ఎన్నుకొని ముందునకు సాగవచ్చును.

చాలకాలము ఈ పనిని స్వచ్ఛంద సేవకులే చేసిరి. హైదరాబాదు కేంద్రముగా 2005లో ఆరంభమైన స్వేచ్ఛ అను సంస్థ, స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఉద్యమములో భాగముగా, కంప్యూటరు నిర్వహణ వ్యవస్థనే తెలుగున అందించుటకు విద్యార్థులను కూడగట్టెను. వికీపీడియా తెరమీది మాటలను ట్రాన్స్‌లేట్‌వికీ అను వేదికమీద తెలుగువారు తీరిక వేళలలో తెనిగించిరి. ఫైర్‌ఫాక్స్ విహరిణి మాటలను మొజిల్లా సంస్థవారి పాంటూన్ అను సాధనముద్వారా తెనిగించిరి. ఫైలును దస్త్ర మందురా, ఫైలే అందురా? సేవ్ అనుదానికి భద్రపరచు అనుట సరియా? ఇట్టి ప్రశ్నలమీద దీర్ఘమైన చర్చలు జరిగినవి. కొందరికి ఆ చర్చలు కాలహరణముగా తోచియుండవచ్చును. కాని అవి దారుల్ తర్జుమా సమావేశముల వంటివే. భేదమేమనగా, ఇందు పాల్గొనుటకు ప్రభువుల ఆజ్ఞ అక్కరలేదు, తెలుగు తెలిసియుండుటయే చాలును. కష్టమేమనగా, సేవకులు పదులు, మాటలు లక్షలు. ఒక కార్యక్రమము పూర్తిగా తెలుగున వచ్చులోపల దాని క్రొత్తరూపము ఆంగ్లమున వెలువడుచుండెను.

ఈ లోటును తీర్చుటకే యంత్రానువాదము వచ్చినది. భారతదేశమున ఇందుకు తొలి ప్రయత్నములలో అనుసారక ముఖ్యమైనది. కాన్పూరు ఐఐటిలో మొదలై, తరువాత హైదరాబాదు చేరి, అక్కడి ట్రిపుల్ ఐటిలో కొనసాగినది. తెలుగు మొదలగు భాషలనుండి హిందీకి వ్యాకరణసూత్రముల సాయముతో వాక్యములను మార్చుట దాని పద్ధతి. పిమ్మట సూత్రములకు బదులు ఉదాహరణములనుండి నేర్చుకొను యంత్రములు వచ్చినవి. 2011లో గూగుల్ అనువాదమున తెలుగు చేరినది. 2017లో ఆ సంస్థ పరిశోధకులు ఎనమండుగురు, ఆశిష్ వాస్వాని మొదటి పేరుగా, ట్రాన్స్‌ఫార్మర్ అను క్రొత్త నిర్మాణమును ప్రకటించిరి. మద్రాసు ఐఐటికి చెందిన ఏఐ4భారత్ బృందము 2021లో సమానాంతర్ అను పేర, ఆంగ్లమునకును తెలుగుతో కూడిన పదునొకండు భారతీయ భాషలకును నడుమ నాలుగు కోట్లకు మించిన జంట వాక్యములను సమకూర్చి అందరికిని అందుబాటులో నుంచెను. 2022లో కేంద్రప్రభుత్వము భాషిణి అను పథకమును ప్రారంభించెను. 2023లో ఇండిక్‌ట్రాన్స్2 అను యంత్రము రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని ఇరువదిరెండు భాషలను చేర్చుకొనెను. ఇప్పుడు పలు భాషలలో ప్రశ్నకు సమాధానము వ్రాయగల పెద్ద భాషా యంత్రములును అనువాదము చేయుచున్నవి.

ఈ యంత్రము ఎట్లు పనిచేయునో ఒకమాట చెప్పవలెను. ఇది నిఘంటువు చూచి మాటకు మాట పెట్టునది కాదు. వాక్యములోని ఒక్కొక్క మాట తక్కిన మాటలలో దేనితో ఎంత సంబంధము కలిగియున్నదో తూచి చూచును. తాను చదివిన కోట్లకొలది వాక్యములలో అట్టి పొందిక వచ్చినపుడు తరువాత ఏ మాట వచ్చుట ఎక్కువయో లెక్కించి వ్రాయును. అనగా దాని బలమంతయు సందర్భమునందే కలదు. పొడుగైన వ్యాసము నిచ్చినచో చక్కగా తెనిగింపగల యంత్రము, ఒంటరిమాట నిచ్చినచో తడబడుటకు కారణ మిదియే. తూచుటకు ప్రక్కన మరియొక మాట లేదు గదా! తెరమీది పట్టికలో సగము ఒంటరి మాటలే.

ఈ సంగతి రైతునకు బాగుగా తెలియునట్లు మూడు మాటలు చూడుడు. మొదటిది 'క్రాప్'. వ్యవసాయపు తెరమీద దానికి పంట యని యర్థము. ఫోనులో తీసిన చిత్రము క్రింద అదే మాట యున్నచో, అంచులు కత్తిరించుట యని యర్థము. చిత్రము క్రింద పంట యని వ్రాసిన మీట వచ్చినచో నవ్వుకొని ఊరకుండవచ్చును. రెండవది 'ట్యాంకు'. ఇబ్రహీం కుతుబ్‌షా కాలమునాటి పెద్దచెరువు గల ఊరివారికి ఆ మాట చెరువును తలపించును. యంత్రమునకు అది నీటి తొట్టియు కావచ్చును, యుద్ధశకటమును కావచ్చును. మూడవది 'మ్యుటేషన్'. జీవశాస్త్రమున దీనిని ఉత్పరివర్తన మందురు. భూమి లెక్కలలో దీనికి హక్కుదారుని పేరు మార్పిడి యని యర్థము. తండ్రి మరణించిన పిదప పొలము తన పేర మార్పించుకొన వచ్చిన కుమారునికి తెరమీద ఉత్పరివర్తన మను మాట కనబడినచో, అతడేమి చేయవలెను? ఇక్కడ నవ్వునకు తావులేదు. పొలము నిలుచుటయు నిలువకుండుటయు ఒక్కొక్కప్పుడు ఒక్క మాటమీద ఆధారపడును. తెలంగాణమున భూమి దస్తావేజుల వ్యవహారము 2020లో ధరణి పేరను, 2025లో భూభారతి పేరను తెరమీదనే నడచుచుండగా, ఇట్టి మాటల సరితనమును చూచుట పండితుల సరదా కాదు. అది కాపుదనపు పనులలో నొకటి యైనది.

తెలుగు వ్యాకరణమును గూడ యంత్రమునకును, ప్రోగ్రాము వ్రాయువానికిని తెలియజేయవలెను. ఆంగ్లమున ఒక వాక్యమునందు పేరునకు ఖాళీ విడిచి, ఎవరి పేరు వచ్చినను అందు నింపవచ్చును. తెలుగున ఆ ఖాళీ తరువాత విభక్తి వచ్చును. రవికి, లక్ష్మికి అనవలెను. సీతకు, రాధకు అనవలెను. ఖాళీకి ప్రక్కన కు అని స్థిరముగా వ్రాసినచో రవికు అని వచ్చును. కి అని వ్రాసినచో సీతకి అని వచ్చును. దీనికి తెలుగువారి మర్యాదయే మందు. పేరు తరువాత గారికి అని వ్రాసినచో రవి గారికి, సీత గారికి అని ఎవరి పేరైనను చక్కగా అమరును. అట్లే ఆంగ్లములోని ఒకే సర్వనామమునకు తెలుగున నీవు, మీరు అని రెండు రూపములున్నవి. ఒక తెరమీద మీరు అనియు, మరుసటి తెరమీద నీవు అనియు వచ్చినచో, పెద్దవారిని ఒక గుమ్మమున గౌరవించి మరియొక గుమ్మమున ఏకవచనముతో పిలిచినట్లుండును. వచ్చినాడు, వచ్చినది అను భేదమును తప్పించుటకును బహువచన మర్యాదయే తోడ్పడును.

లెక్క విషయమునను ఇట్టి చిక్కులు కలవు. వస్తువుల లెక్కకు ఆంగ్లమున రెండు రూపములు, జపాను భాషలో ఒకటి, అరబ్బీలో ఆరు. సాధనములు తెలుగునకు ఏకవచనము, బహువచనము అని రెండు రూపములు కేటాయించినవి. పుస్తకములకు అవి చాలును: 1 పుస్తకము, 5 పుస్తకములు. కాని మనుష్యులను తెలుగువారు వేరుగా లెక్కింతురు: ఇద్దరు, ముగ్గురు, నలుగురు. 2 సభ్యులు అనుట చెవికి పొసగదు. నేర్పరియైన అనువాదకుడు 'సభ్యుల సంఖ్య: 2' అని వ్రాసి చిక్కును దాటును. ఇక కోటిని కోటిగా, లక్షను లక్షగా చూపుటయు, 1,00,000 అని కామాలు పెట్టుటయు, తేదీలో ముందు దినమును పిదప నెలను వ్రాయుటయు స్థానికీకరణములోనివే. ఆంగ్లమునకై కొలిచిన మీటలో తెలుగక్షరము పట్టక వత్తులు తెగిపోవుట మరియొక దోషము. వత్తు తెగినచో అమ్మ అమ అగును.

ఊరుపేర్లు, మనుష్యుల పేర్లు మరియొక పరీక్ష. ఆంగ్లలిపిలో టకారమునకు, తకారమునకు ఒకే యక్షరము వాడుదురు. ఆంగ్లమునుండి తిరిగి తెలుగులోనికి వచ్చునపుడు పట్నము పత్నము కావచ్చును. కోట కోత కావచ్చును. ఇబ్రహీంపట్న మను పేరుగల ఊళ్లు కృష్ణానదీ తీరమునను, జగిత్యాల జిల్లాలోను కూడ ఉన్నవి. యంత్రమునకు జిల్లా పేరు చెప్పనిచో ఏ ఊరో తెలియదు. పేరు తప్పిన కాగితముతో తిరుగువాని కష్టము ఇచటివారికి చెప్పనక్కరలేదు.

ఇట్టి తప్పులు తగ్గుటకు నేటి సాధనములు కొన్ని మంచి ఏర్పాట్లు చేయుచున్నవి. ప్రోగ్రాము వ్రాయువాడు ఆంగ్ల పట్టికలో క్రొత్త వాక్యము చేర్చిన వెంటనే సాధనము దానిని గుర్తించును. పాత వాక్యములను మరల ముట్టక, క్రొత్తదానిని మాత్రమే యంత్రమునకు పంపును. దానితోపాటు ఈ మాట ఏ తెరమీదిదో తెలుపు వివరణ, తెర చిత్రము, ముందు నిర్ణయించిన పదకోశము, అట్టి వాక్యములకు ఇదివరకు చేసిన అనువాదములు పంపవచ్చును. తిరిగివచ్చిన తెలుగులో పేర్లకు, సంఖ్యలకు విడిచిన ఖాళీలు అన్నియు ఉన్నవో లేదో సాధనమే సరిచూచును. వెబ్‌లేట్, పాంటూన్ వంటి వేదికలమీద యంత్రము వ్రాసినది సూచనగా వచ్చును. మనుష్యుడు చూచి ఒప్పుకొనవచ్చును, దిద్దవచ్చును. నెలలు పట్టిన పని దినములలో ముగియుట ఇందువలననే సాధ్యమగుచున్నది. ఇది ఉపేక్షింపదగిన మేలు కాదు. పదిమంది సేవకులు వేయిమంది పని చేయగలుగుచున్నారు. చిన్న కార్యక్రమములకు తెలుగు ఇక అందని ద్రాక్ష కాదు.

అయినను ఒక భేదమును గట్టిగా గుర్తుంచుకొనవలెను. ఖాళీ తప్పినదా, అక్షరము విరిగినదా, వాక్యము పట్టికలో నున్నదా అను తప్పులను యంత్రము పట్టుకొనగలదు. అర్థము మారినదా, మర్యాద తప్పినదా, ఊరివారికి బోధపడునా అను తప్పులను చదువరియే పట్టుకొనవలెను. విరిగిన వాక్యము తన తప్పును తానే చాటుకొనును. చక్కని తెలుగులో నున్న తప్పుడు వాక్యము ఎవరికిని అనుమానము కలిగింపక చెల్లిపోవును. నేటి యంత్రముల తెలుగు నున్నగా నుండును గనుక రెండవ తప్పే ప్రమాదకరమైనది. ఒక టిక్కెట్టును రద్దు చేయుదురా అని అడిగి, క్రింద రద్దు, సరే అని రెండు మీటలుంచినచో, భాషలో దోషము లేదు. కాని ఏది నొక్కిన టిక్కెట్టు నిలుచునో తెలియదు. 'టిక్కెట్టు ఉంచుము', 'టిక్కెట్టు రద్దు చేయుము' అని వ్రాసినచో పసివానికిని తెలియును. అట్టి దిద్దుబాటు వ్యాకరణము చదివినందున రాదు, ఎదుటివాని చేతిని తలచుకొన్నందున వచ్చును.

మరియొక సంగతి కలదు. యంత్రము తాను చదివిన తెలుగునే తిరిగి వ్రాయును. అచ్చులోను, అంతర్జాలములోను ఏ ప్రాంతపు మాట హెచ్చుగా నున్నదో ఆ మాటయే దాని నోట ముందు వచ్చుట సహజము. తెలంగాణమున పహాణీ అన్నదానిని ఆంధ్రప్రాంతమున అడంగలు అందురు. రెండును మంచి మాటలే. కాని ఒకరి మాట మరియొకరి తెరమీద వచ్చినచో ఇద్దరికిని తికమకయే. విరాసత్ అన్నచో ఇచటి రైతునకు వెంటనే తెలియును. సంస్కృత సమాసముతో చెప్పినచో పక్కవానిని అడుగవలెను. కచ్చేరి భాష రైతునకు తెలియని దినములు ఒకసారి గడచినవి. తెర భాష రైతునకు తెలియని దినములు మరల రాకూడదు. ఇందుకు యంత్రమును నిందించి ప్రయోజనము లేదు. పల్లెలో వాడుకలో నున్న మాట ఎక్కడను వ్రాయబడనిచో యంత్రము దానిని ఎట్లు నేర్చుకొనును?

ఇచటనే గ్రంథాలయము చేయగల పని కలదు. 2011 జనాభా లెక్కల ప్రకారము భారతదేశమున తెలుగు మాతృభాషగా గలవారు ఎనిమిది కోట్ల పదునొకండు లక్షలు. ఇంతమంది మాటలను ఏ నగరములోని కార్యాలయమును ఒంటరిగా కూర్చజాలదు. ఇబ్రహీంపట్నము చుట్టును ఇంజనీరింగు కళాశాలలున్నవి. ఆదిభట్లయందు సాఫ్ట్‌వేరు కార్యాలయము కలదు. ప్రోగ్రాము వ్రాయగల పిల్లలు ఇచటనే యున్నారు. పొలము మాట, చెరువు మాట, భూమి లెక్కల మాట తెలిసిన పెద్దలును ఇచటనే యున్నారు. ఇరువురును కలిసికొనుటకు ఈ పఠనమందిరముకంటె తగిన చోటు లేదు.

చేయవలసిన పనులు మూడు. మొదటిది, పఠనమందిరమున ఒక మాటల పుస్తకము పెట్టవలెను. వ్యవసాయము, నీటిపారుదల, భూమి వ్యవహారములు, చేతిపనులు మొదలగువానిలో పెద్దలు వాడు మాటలను అర్థముతోను, వాడిన వాక్యముతోను అందు వ్రాయవలెను. వాక్యము లేని మాట యంత్రమునకు సగము మాటయే. ఆ పుస్తకమును విద్యార్థులు కంప్యూటరులోని కెక్కించినచో అదియే అనువాద సాధనములకు పదకోశ మగును. రెండవది, నెలకొకమారు తెర చదువు సభ జరుపవలెను. పూర్వము పత్రిక వచ్చినపుడు చదువు వచ్చిన యొకరు పైకి చదువగా పదిమంది వినుట ఊళ్లలో వాడుక. అట్లే ఫోనులోని ఒక కార్యక్రమపు తెలుగు తెరలను పైకి చదివి, ఈ మీట నొక్కినచో ఏమి జరుగునని పెద్దవారిని అడుగవలెను. వారు చెప్పినదియు, జరుగునదియు ఒకటైనచో అనువాదము సరియైనది. వేరైనచో తప్పు వినువారిది కాదు, వ్రాతదే. మూడవది, కనుగొన్న తప్పును గొణుగుకొని వదలక, ఆ కార్యక్రమము చేసినవారికి వ్రాయవలెను. స్వచ్ఛంద వేదికలపైనున్న కార్యక్రమమైనచో విద్యార్థులు తామే దిద్దవలెను. ఒక తెరమీద దిద్దిన ఒక్క మాట ఆ కార్యక్రమమును వాడు ప్రతి తెలుగు ఇంట ఆ దినమే మారగలదు. అచ్చుపుస్తకమునకు లేని భాగ్యమిది.

కొందరు, ఆంగ్లము నేర్చినచో ఈ శ్రమయే అక్కరలేదు గదా యందురు. ఆంగ్లము నేర్చుట మంచిదే. కాని అరువది యేండ్ల తల్లి తన పింఛను వచ్చినదో లేదో చూచుకొనుటకు ఆంగ్లము నేర్వవలెననుట న్యాయము కాదు. మరికొందరు, ప్రతి మాటకును అచ్చతెలుగు పదము కల్పింపవలె నందురు. ఫోను, బ్యాంకు, ఫైలు అను మాటలు ఊరివారి నోట నిలిచియున్నచో వానిని తీసివేయ నక్కరలేదు. పట్టా, పహాణీ, రసీదు అను మాటలు సైతము ఒకనాడు అన్యభాషలనుండి వచ్చినవే. ప్రజల నోట నిలిచినదే తెలుగు. చదివినవానికి వెంటనే బోధపడునదే మంచి అనువాదము.

యంత్రము వ్రాయును, వేగముగా వ్రాయును, అలసట లేక వ్రాయును. వ్రాసినది సరియని ఒప్పుకొను అధికారము మాత్రము చదువరులదే. చదువరులను తయారుచేయునది గ్రంథాలయము. ఇరువదియైదేండ్లుగా ఊరికి పుస్తకములను చదువుట నేర్పిన ఈ సంస్థ, రాబోవు ఇరువదియైదేండ్లలో తెరను చదువుటయు, దిద్దుటయు నేర్పి, స్వర్ణోత్సవమునాటికి ఇబ్రహీంపట్నపు మాటలు తెలుగు తెరలన్నిటిమీద తలయెత్తుకొని నిలుచునట్లు చేయుగాక!